లాటిన్ విభక్తులు: రూపం ఒకటి, సంబంధాలు అనేకం

ఏ రోజు తెలుగు దినపత్రిక తీసినా అందులో లాటిన్ విభక్తులు నాలుగైదు కనబడతాయి. హైకోర్టు ఒక వ్యవహారాన్ని సుమోటోగా విచారణకు స్వీకరిస్తుంది, ప్రమాదంలో చనిపోయినవారి కుటుంబాలకు ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తుంది, మృతదేహాన్ని పోస్ట్‌మార్టానికి తరలిస్తారు, కోరం లేక సమావేశం వాయిదా పడుతుంది, విద్యార్థి బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం కాలేజీ ఆఫీసు చుట్టూ తిరుగుతాడు. ఇవన్నీ ఇంగ్లీషు మీదుగా మనకు చేరిన లాటిన్ మాటలు. అయితే వీటిలోని నామాలు ఏవీ లాటిన్ నిఘంటువు మొదట చూపించే రూపంలో లేవు. మోతుస్ అన్న నామం ఇక్కడ మోతూ అయింది, గ్రాతియ గ్రాతియా అయింది, మొర్స్ మొర్తెం అయింది, క్వీ అనే సర్వనామం క్వోరుం అయింది. ఈ మార్పుల్లో ప్రతిదాని వెనుకా ఒక విభక్తి ఉంది.

లాటిన్ నేర్పే పుస్తకాలు సాధారణంగా ఆరు విభక్తుల పట్టిక ఇచ్చి ఒక్కొక్కదాని ఎదుట ఒక్కొక్క అర్థం రాస్తాయి. నామినేటివ్ కర్తకు, అక్యూజటివ్ కర్మకు, జెనిటివ్ ‘యొక్క’కు, డేటివ్ ‘కు’కు, ఆబ్లేటివ్ ‘నుంచి’కి, వోకేటివ్ పిలుపుకు. ఈ పట్టిక అబద్ధం కాదు గానీ, మొదటి పాఠాలు దాటాక పెద్దగా అక్కరకు రాదు. నాలుగు వాక్యాలు చదివేసరికి ‘నుంచి’ అని నేర్చుకున్న ఆబ్లేటివ్ ‘తో’ అనీ, ‘లో’ అనీ, ‘కంటే’ అనీ, ‘ఉండగా’ అనీ అర్థాలు మారుస్తూ ఎదురవుతుంది. అప్పుడు విద్యార్థి పట్టికలో మరిన్ని గళ్లు గీసుకుని, ఆబ్లేటివ్‌కు పదిహేను ఇరవై ఉపవిభాగాలు బట్టీ పడతాడు. విభక్తి అనేది అర్థానికి పేరు కాదని, వాక్యంలో పదాల మధ్య సంబంధాన్ని తెలిపే రూపం మాత్రమేనని ముందే తెలిస్తే ఈ బట్టీలో సగం అక్కరలేదు.

మొదట సులువైన సంగతి చూద్దాం. ‘లుపుస్ అగ్నుం విదెత్’ అంటే తోడేలు గొర్రెపిల్లను చూస్తోందని అర్థం. ఈ మూడు మాటలను ఏ వరుసలో పేర్చినా చూసేది తోడేలే, కంటబడేది గొర్రెపిల్లే. చివరి ధ్వనులు మార్చి ‘లుపుం అగ్నుస్ విదెత్’ అంటేనే కథ తారుమారవుతుంది. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవారికి ఇది పెద్ద వింత, ఎందుకంటే ఆ భాషలో కర్తా కర్మా తేలేది పదాల వరుసను బట్టి. తెలుగువారికి ఇందులో నేర్చుకోవలసింది ఏమీ లేదు. ‘గొర్రెపిల్లను తోడేలు చూస్తోంది’ అని మనం రోజూ అంటూనే ఉంటాం.

మనకు కొత్తగా ఉండేది ఆ ప్రత్యయాల స్వభావం. ‘గులాబీలకు’ అన్న మాటలో గులాబీ వేరు, బహువచనం తెలిపే ‘ల’ వేరు, ‘కు’ వేరు. ఏ అతుకు ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపించవచ్చు. లాటిన్ ‘రొసీస్’లో చివరి ‘ఈస్’ ఒక్కటే బహువచనాన్నీ విభక్తినీ కలిపి మోస్తుంది, వాటిని విడదీయడం కుదరదు. పైగా అది డేటివ్ కావచ్చు, ఆబ్లేటివ్ కావచ్చు, రూపంలో తేడా లేదు. ‘రొసై’ అన్న మాట ‘గులాబీ యొక్క’, ‘గులాబీకి’, ‘గులాబీలు’ అనే మూడు అర్థాలకూ పనికివస్తుంది. లాటిన్ నామాలు ఐదు వర్గాలుగా ఉంటాయి, ఒక వర్గపు ప్రత్యయం ఇంకో వర్గంలో ఇంకో పని చేస్తుంది. ‘దొమినీ’లోని దీర్ఘ ‘ఈ’ యజమాని యొక్క అనో యజమానులు అనో చెబుతుంది, ‘రేగీ’లోని అదే ‘ఈ’ రాజుకు అని చెబుతుంది. అందుకే లాటిన్ నిఘంటువు ఏ నామానికైనా నామినేటివ్ పక్కన జెనిటివ్ రూపం కూడా ఇస్తుంది. ఆ రెండో రూపం చూస్తేనే నామం ఏ వర్గానికి చెందినదో తేలుతుంది.

రూపం ఇన్ని రకాలుగా పలికే భాషలో రోమన్లు ఒకరినొకరు ఎలా అర్థం చేసుకున్నారన్న అనుమానం సహజం. ‘రొసై ఫ్లోరెంత్’ అన్నప్పుడు క్రియ బహువచనంలో ఉంది కనుక రొసై అంటే గులాబీలు, అవి పూస్తున్నాయి. ‘రొసై ఒదోర్’ అన్నప్పుడు పక్కన పరిమళం అనే నామం ఉంది కనుక అది గులాబీ పరిమళం. క్రియ వచనం, విశేషణాల పొందిక, ఆ క్రియ ఏ రకమైన నామాన్ని అపేక్షిస్తుందన్న అలవాటు, ఇవన్నీ కలిసి ఒక రూపానికి ఉన్న మూడు నాలుగు అవకాశాలలో ఒకదాన్ని ఖాయం చేస్తాయి.

ఈ వ్యవస్థను వివరించడానికి లాటిన్ వ్యాకర్తల కంటే మన సంప్రదాయమే మంచి పనిముట్టు ఇచ్చిందని నా అభిప్రాయం. క్రియకూ నామానికీ మధ్య ఉండే అర్థసంబంధాన్ని పాణిని కారకం అన్నాడు. కర్త, కర్మ, కరణం, సంప్రదానం, అపాదానం, అధికరణం అని అవి ఆరు. ఆ సంబంధాన్ని బయటికి చూపించే రూపం విభక్తి. ‘రాముడు రావణుణ్ణి చంపాడు’ అన్నా, ‘రాముని చేత రావణుడు చంపబడ్డాడు’ అన్నా చంపిన పని రాముడిదే, అతనే కర్త. విభక్తి మాత్రం మారింది. షష్ఠి సంగతి వేరు. అది ప్రధానంగా నామాన్ని నామంతో కలుపుతుంది కనుక దాన్ని కారకాల్లో చేర్చలేదు. 4వ శతాబ్దంలో రోములో బోధించిన డొనాటస్, 6వ శతాబ్దపు తొలినాళ్లలో కాన్‌స్టాంటినోపుల్‌లో బోధించిన ప్రిస్కియన్ ఐరోపాకు వెయ్యేళ్లపాటు లాటిన్ నేర్పారు. వారి సంప్రదాయంలో ఇలాంటి రెండంతస్తుల ఏర్పాటు లేదు. ఒక విభక్తికి ఉన్న అనేక పనుల్లో ఒకదాన్ని పట్టుకుని, ఇవ్వడానికి సంబంధించినది, తీసివేయడానికి సంబంధించినది అని పేరు పెట్టారు. ఆ పేరే దాని అర్థమన్న భ్రమ ఇప్పటికీ పోలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. బడిలో మనం ‘డు ము వు లు ప్రథమా విభక్తి’ అని మొదలుపెట్టి వల్లించిన వరుసలో ‘కి, కు’లు షష్ఠిలో ఉన్నాయి, ‘కొరకు, కై’ మాత్రమే చతుర్థిలో ఉన్నాయి. లాటిన్ డేటివ్ చేసే పనుల్లో ఎక్కువ భాగం తెలుగులో ‘కి, కు’లే చేస్తాయి కనుక, ఈ వ్యాసంలో చతుర్థి, షష్ఠి వంటి పేర్లను సంస్కృత రామశబ్దంలో వాటికి ఉన్న అర్థంలోనే వాడుతున్నాను.

నామినేటివ్ గురించి చెప్పవలసింది తక్కువ. క్రియ ఎవరిని బట్టి పురుషనూ వచనాన్నీ మార్చుకుంటుందో ఆ నామం ఈ రూపంలో ఉంటుంది. వోకేటివ్ ఇంకా తక్కువ. మార్కుస్ అనేవాణ్ణి ‘మార్కె’ అని, ఫీలియుస్ అంటే కొడుకును ‘ఫీలీ’ అని పిలిచే ఒక నామవర్గం ఏకవచనంలో తప్ప, తక్కిన దాదాపు అన్ని చోట్లా ఇది నామినేటివ్‌తో ఏకమైపోయింది. ‘రాముడు’ పిలుపులో ‘రామా’ అయినట్టే అనుకుని ముందుకు పోవచ్చు.

అక్యూజటివ్‌ను కర్మవిభక్తి అని మాత్రమే అనుకుంటే దాని పరిధి తెలియదు. క్రియ ప్రసరించే మేరను, అంటే అది ఎవరి మీదికి, ఎక్కడిదాకా, ఎంతకాలం పోతుందన్నదాన్ని చూపించే రూపం అది. తోడేలు చూపు గొర్రెపిల్ల మీద పడింది కనుక అగ్నుం. ప్రయాణం రోముదాకా పోయింది కనుక ‘రోమం’. నివాసం మూడు రోజులు సాగింది కనుక ‘త్రేస్ దియేస్’. ఈ మూడింటిలోనూ విభక్తి ఒకటే. తెలుగులో కూడా ‘మూడు రోజులు ఉన్నాడు’ అంటాం, రోజుల పక్కన ఏ ప్రత్యయమూ చేర్చం. రోమన్ సమాధుల మీద చనిపోయినవారు ఎన్నేళ్లు బతికారో చెక్కేటప్పుడు ఏళ్లను అక్యూజటివ్‌లో ‘అన్నోస్’ అని పెట్టేవారు. ఆబ్లేటివ్‌లో ‘అన్నీస్’ అన్న వాడుకా విస్తారంగా ఉండేది. కాలాన్ని సాగిన మేరగా చూడవచ్చు, దానిలో జీవితం గడిచిన అవధిగానూ చూడవచ్చు. రెండూ రాళ్ల మీద నిలిచాయి.

నపుంసకలింగ నామాలకు నామినేటివ్, అక్యూజటివ్ రూపాలు ఎప్పుడూ ఒకటే. ‘బెల్లుం’ అంటే యుద్ధం, ‘బెల్లుం’ అంటే యుద్ధాన్ని. ఈ లక్షణం సంస్కృతంలోనూ ఉంది, ‘ఫలమ్’ రెండింటికీ చెల్లుతుంది. చైతన్యం లేని వస్తువు ఒకదాని మీద చర్య చేసే సందర్భాలు తక్కువ కనుక దాన్ని కర్మగా ప్రత్యేకించి గుర్తించవలసిన అవసరమూ తక్కువని భాషావేత్తలు దీనికి కారణం చెబుతారు. ‘రాముణ్ణి చూశాను’ అని తప్పకుండా ప్రత్యయం పెట్టే మనం ‘పుస్తకం చదివాను’ అని వదిలేస్తాం కదా. చుట్టరికం లేని రెండు భాషలు ఒకే అవసరాన్ని ఒకే తీరున తీర్చుకున్నాయి.

ఊరి పేర్ల వద్ద లాటిన్ చాలా ముచ్చటగా ఉంటుంది. రోముకు వెళ్లడం ‘రోమం’, రోములో ఉండడం ‘రోమై’, రోము నుంచి రావడం ‘రోమా’. మధ్యలో ఏ ప్రిపోజిషనూ రాదు. నగరాలకు, చిన్న ద్వీపాలకు, ఇల్లు వంటి కొన్ని మాటలకు మాత్రమే ఈ సౌకర్యం. ఇంటికి ‘దొముం’, ఇంట్లో ‘దొమీ’, ఇంటి నుంచి ‘దొమో’. ‘రోమై’, ‘దొమీ’ అనేవి పాత సప్తమీ విభక్తి ముక్కలు, వ్యాకరణాల్లో వాటిని లోకేటివ్ అంటారు. దేశాల పేర్లకు మాత్రం ‘ఇన్ ఈతలియం’ అని ప్రిపోజిషన్ చేర్చాలి. అగస్టస్ చక్రవర్తి తన రాతలో పాఠకుడు ఎక్కడా తడబడకూడదని, అక్కరలేని చోట కూడా ప్రిపోజిషన్లు చేర్చడానికి వెనుకాడేవాడు కాదని, చక్రవర్తుల జీవితచరిత్రలు రాసిన సుయెటోనియస్ చెప్పాడు. విభక్తి ఒక్కటే సరిపోదేమోనన్న అనుమానం సామ్రాజ్యపు తొలినాళ్లలోనే, అదీ చక్రవర్తికే, ఉండేదన్నమాట.

ఆ అనుమానానికి కారణం చూపే వాక్యం ఒకటుంది. గ్రీకు రాజు పిర్రస్ రోమన్ల మీదికి యుద్ధానికి వచ్చే ముందు అపోలో దేవుడి వాణిని సంప్రదించగా ‘ఆయో తే, ఐయకిదా, రోమానోస్ వింకెరె పొస్సె’ అన్న జవాబు వచ్చిందని కవి ఎన్నియస్ రాశాడు. లాటిన్‌లో ఒకరు చెప్పిన మాటను ఇంకో వాక్యంలో ఇమిడ్చినప్పుడు లోపలి వాక్యపు కర్త కూడా అక్యూజటివ్‌లోనే ఉంటుంది. కర్మ ఎలాగూ అక్యూజటివే. ‘తే’ అంటే నిన్ను, ‘రోమానోస్’ అంటే రోమన్లను. ఇద్దరూ ఒకే విభక్తిలో నిలబడ్డారు, వరుసకు విలువ లేదు, క్రియ తుమున్నంతం (ఇన్ఫినిటివ్) కనుక పురుష వచనాల సాయమూ లేదు. నువ్వు రోమన్లను జయించగలవని చెబుతున్నానా, రోమన్లు నిన్ను జయించగలరని చెబుతున్నానా అన్నది ఈ వాక్యం నుంచి తేల్చడం ఎవరి తరమూ కాదు. దీన్ని తెలుగులోకి తెస్తే రెండర్థాలు నిలవవు, ఎందుకంటే ‘అని’ ముందున్న వాక్యంలో మన కర్త ప్రథమలోనే ఉంటాడు. రోమన్ వక్త సిసెరో ఈ కథను ఉదాహరించి, అపోలో ఎన్నడూ లాటిన్‌లో మాట్లాడలేదనీ, గ్రీకులకు ఈ వాణి సంగతే తెలియదనీ ఎద్దేవా చేశాడు. దేవుడు చెప్పినా చెప్పకపోయినా, రెండు సంబంధాలకు ఒకే రూపం దొరికినప్పుడు విభక్తి వ్యవస్థ చేతులెత్తేస్తుందనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

జెనిటివ్‌లోనూ ఇలాంటి ద్వంద్వార్థం ఉంది, కాని అది మనకు బాగా పరిచితమైనది. ‘మెతుస్ హొస్తియుం’ అంటే శత్రువుల భయం. శత్రువులు పడే భయమా, శత్రువులంటే మనకు ఉండే భయమా? ‘దొంగల భయం’ అంటే దొంగల వల్ల మనకు కలిగేది, ‘పిల్లల భయం’ అంటే సాధారణంగా పిల్లలు పడేది, రెండింటికీ తెలుగులో రూపం ఒకటే. సందర్భం చెబుతుంది తప్ప విభక్తి చెప్పదు. విభక్తి చెప్పేది ‘ఈ నామం ఆ నామానికి చెందినది’ అన్నంత వరకే. ఒక సమూహంలో భాగాన్ని చెప్పేటప్పుడు కూడా జెనిటివే వస్తుంది. కోరం అనే మాట పుట్టింది అలాగే. ఇంగ్లండులో న్యాయాధికారులను నియమించే లాటిన్ ఉత్తర్వుల్లో ‘వారిలో మీరు ఒకరై ఉండాలి’ అనే వాక్యం ఉండేది, అందులోని ‘వారిలో’ అన్న ఒక్క మాటే ‘క్వోరుం’. తిరుమల కొండల్లో, శేషాచలంలో పెరిగే అరుదైన సైకాస్ చెట్టు శాస్త్రీయనామం ‘సైకస్ బెడ్డోమెయి’. చివరి ‘ఇ’ జెనిటివ్ ఏకవచనమే, వృక్షశాస్త్రజ్ఞుడు బెడ్డోమ్ పేరిట పెట్టినదని చెప్పడానికి.

జెనిటివ్‌కు ఇంకో విచిత్రమైన పని వెల కట్టడం. ముసలివాళ్ల గుసగుసలన్నిటికీ కలిపి ఒక్క ‘అస్’ విలువ కడదామని కవి కటుల్లస్ తన ప్రియురాలితో అంటాడు. అస్ అంటే రోమన్ రాగి నాణెం, మన చిల్లిగవ్వ లాంటిది. ‘సెనుం సెవేరియోరుం’ అంటే కటువైన ముసలివాళ్ల అని, ‘ఊనియుస్ అస్సిస్’ అంటే ఒక్క అస్సు విలువదిగా అని. ఒకే వాక్యంలో రెండు జెనిటివ్‌లు. మొదటిది గుసగుసలు ఎవరివో చెబుతుంది, రెండోది వాటి ఖరీదు చెబుతుంది.

డేటివ్ వద్ద తెలుగువారికి సొంత ఇంట్లో ఉన్నట్టుంటుంది. ‘మిహి లిబెర్ ఎస్త్’ అంటే మాటకు మాట ‘నాకు పుస్తకం ఉంది’. ‘మిహి ప్లకెత్’ అంటే నాకు నచ్చుతుంది. ‘మిహి విదేతుర్’ అంటే నాకు అనిపిస్తుంది. ‘నేను పుస్తకాన్ని కలిగి ఉన్నాను’ అని ఇంగ్లీషు మాధ్యమం నేర్పిన తెలుగు మాట్లాడేవారికి తప్ప ఇందులో ఎవరికీ కష్టం లేదు. ఒక విషయం ఎవరిని ఉద్దేశించి జరుగుతోందో, ఎవరికి మేలుగానో కీడుగానో తగులుతోందో ఆ వ్యక్తి డేటివ్‌లో ఉంటాడు. ఇవ్వడం అందులో ఒక సందర్భం మాత్రమే. నమ్మడం, లోబడడం, హాని చేయడం, క్షమించడం అనే అర్థాలు గల లాటిన్ క్రియలు కర్మను అక్యూజటివ్‌లో కాక డేటివ్‌లో అడగడం చూసి ఇంగ్లీషు విద్యార్థులు వాటిని మినహాయింపుల జాబితాగా బట్టీ పడతారు. పెద్దలకు లోబడడం, ఒకరికి హాని చేయడం అనే పలుకుబళ్లు మనకు ఉన్నాయి కనుక సగం జాబితా మనకు మినహాయింపే కాదు. మిగిలిన సగం మాత్రం నేర్చుకోక తప్పదు, నమ్మడానికీ క్షమించడానికీ మనం ‘ను’ వాడతాం, లాటిన్ వాడదు.

రెండు డేటివ్‌లు జోడుగా వచ్చే ప్రయోగం ఇంకొకటి ఉంది. హత్యానేరం మోపబడిన రోస్కియుస్ తరఫున క్రీ.పూ. 80లో వాదిస్తూ సిసెరో, పూర్వపు న్యాయమూర్తి లూకియుస్ కస్సియుస్ ప్రతి కేసులోనూ అడిగే ప్రశ్నను గుర్తు చేశాడు. ‘కుయ్ బొనో’ అన్నది ఆ ప్రశ్న. ‘కుయ్’ అంటే ఎవరికి, ‘బొనో’ అంటే మేలుగా. మొదటి డేటివ్ వ్యక్తిని, రెండోది ప్రయోజనాన్ని చెబుతుంది, వెరసి ‘దీనివల్ల ఎవరికి లాభించింది’ అని. ‘ఇదంతా దేనికి పనికొస్తుంది’ అన్న అర్థంలో దాన్ని వాడేవారు ఈ రెండు డేటివ్‌లను గుర్తించలేదన్నమాట.

అసలు చిక్కంతా ఆబ్లేటివ్‌లో ఉంది, దాన్ని విప్పే దారి చరిత్రలో ఉంది. లాటిన్‌కూ సంస్కృతానికీ మూలమైన భాషలో విభక్తులు సంబోధనతో కలిపి ఎనిమిది. సంస్కృతం వాటిని అన్నిటినీ నిలుపుకుంది. లాటిన్‌లో తృతీయ, పంచమి, సప్తమి మూడూ కలిసిపోయి ఒకే రూపమయ్యాయి. ఆబ్లేటివ్‌కు ఇన్ని అర్థాలు ఎక్కడివన్న ప్రశ్నకు జవాబు ఇదే. ఒక విభక్తి అర్థాలు పెంచుకోలేదు, మూడు విభక్తుల పనులు ఒకదాని నెత్తిన పడ్డాయి. గ్రీకులో ఈ విభక్తి లేదు కనుక క్రీ.పూ. 1వ శతాబ్దపు పండితుడు వర్రో దీన్ని ఆరో విభక్తి అనీ, లాటిన్‌కు ప్రత్యేకమైనదనీ అన్నాడు.

పాత పంచమి ఆనవాలు శాసనాల్లో ఉంది. క్రీ.పూ. 298లో కాన్సుల్‌గా, అంటే రోము అత్యున్నత పాలకులు ఇద్దరిలో ఒకడిగా, ఉన్న స్కిపియో బర్బాటస్ రాతిపేటిక మీద అతను గ్నైయుస్ అనే తండ్రికి పుట్టినవాడని చెక్కారు. అక్కడ తండ్రి పేరు ‘గ్నైవోద్’ అని ఉంది. క్రీ.పూ. 186లో బాకస్ ఉత్సవాలను అదుపు చేస్తూ సెనేట్ జారీ చేసిన ఉత్తర్వులో ‘సెంతెంతియాద్’ అని ఉంది. చివరి ఆ దకారం తరువాతి లాటిన్‌లో రాలిపోయింది. రామశబ్దం చదివినవారికి ‘రామాత్’లోని తకారం ఇక్కడ వెంటనే గుర్తుకు రావాలి, రెండూ ఒకే మూలానికి చెందినవి. ‘రామేభ్యః’ చతుర్థికీ పంచమికీ కూడా బహువచనమైనట్టే, లాటిన్‌లో ‘బుస్’తో ముగిసే ‘ఒమ్నిబుస్’ వంటి రూపాలు డేటివ్‌కూ ఆబ్లేటివ్‌కూ సాధారణం. ఈ ‘భ్యః’, ఆ ‘బుస్’ చుట్టాలే. అందరి కోసం అన్న అర్థం గల ఆ ఒమ్నిబుస్ నుంచి తోక మాత్రం తెగి మనకు బస్సు అయింది.

మూడు పాత విభక్తులను మనసులో ఉంచుకుంటే పత్రికలోని మాటలు తేలిగ్గా విడిపోతాయి. ‘ఎక్స్ గ్రాతియా’లో దయ నుంచి వచ్చినది అన్న పంచమి ఉంది. ‘సుఓ మోతూ’లో తన ప్రేరణతో అన్న తృతీయ ఉంది, ‘బొనా ఫిదే’లో సద్భావంతో అన్న తృతీయే ఉంది. క్రీస్తుశకానికి వాడే ‘అన్నో దొమినీ’ (ఏ.డీ.)లోని ‘అన్నో’లో, ఏడాదిలో అన్న సప్తమి ఉంది. ‘మెల్లె దుల్కియొర్’ అంటే తేనెకంటే తియ్యనిది. పోలికలో ఆబ్లేటివ్ ఎందుకన్న ప్రశ్న తెలుగువారు వేయనక్కరలేదు, ‘కంటె’ను మన వ్యాకరణం పంచమిలోనే పెట్టింది. తేనెను ప్రమాణంగా ఉంచి అక్కడి నుంచి తీపిని కొలుస్తున్నాం.

ఈ కలయిక వల్ల వచ్చిన గందరగోళాన్ని ప్రిపోజిషన్లు కొంత సర్దాయి. కత్తితో చంపబడితే ‘గ్లదియో’ చాలు. సైనికుడి చేతిలో చనిపోతే ‘ఆ మీలితె’ అని ముందు ‘ఆ’ చేర్చాలి. స్నేహితుడితో కలిసి వస్తే ‘కుం అమీకో’ అనాలి. మనం కత్తితో, స్నేహితుడితో అని ఒకే ‘తో’ వాడి, మనిషి కర్త అయినప్పుడు ‘చేత’కో ‘చేతిలో’కో మారతాం. లాటిన్ మూడింటికీ ఒకే విభక్తి ఉంచి ముందుమాటతో తేడా చూపింది. ప్రిపోజిషన్ వచ్చినంత మాత్రాన విభక్తి అర్థం కోల్పోదు. ‘ఇన్ ఉర్బెం’ అంటే పట్టణంలోకి, ‘ఇన్ ఉర్బె’ అంటే పట్టణంలో. ‘ఇన్’ రెండు చోట్లా ఒకటే, చలనాన్నీ స్థితినీ వేరు చేసింది అక్యూజటివ్, ఆబ్లేటివ్ రూపాలే.

సంస్కృతం చదివినవారికి సతి సప్తమి తెలుసు. అదే పని లాటిన్‌లో ఆబ్లేటివ్ చేస్తుంది. ‘ఉర్బె కప్తా’ అంటే పట్టణం పట్టుబడగా. ప్రధాన వాక్యంతో వ్యాకరణపరమైన ముడి లేకుండా, ఒక నామమూ దాని విశేషణమూ ఆబ్లేటివ్‌లో నిలబడి సందర్భాన్ని చెబుతాయి. రోమన్లు సంవత్సరాలను చెప్పుకున్నది ఈ ప్రయోగంతోనే, ఫలానా ఇద్దరు కాన్సుళ్లుగా ఉండగా అని. క్రీ.పూ. 59లో సీజర్, బిబులస్ కాన్సుళ్లు. సీజర్ ధాటికి బిబులస్ ఇల్లు కదలకపోవడంతో, కొందరు హాస్యగాళ్లు పత్రాలలో ‘జూలియస్, సీజర్ కాన్సుళ్లుగా ఉండగా’ అని తేదీ వేసేవారని సుయెటోనియస్ రాశాడు. ఒకే మనిషి పేరును రెండు ముక్కలు చేసి రెండు ఆబ్లేటివ్‌లుగా నిలబెట్టిన వెటకారం అది.

ఇవన్నీ ఒకచోట పనిచేయడం చూడాలంటే వర్జిల్ మహాకావ్యం ‘ఈనియడ్’ ఆరంభం దగ్గర కాసేపు ఆగాలి: ‘అర్మ విరుంక్వె కనో, త్రొయై క్వీ ప్రీముస్ అబ్ ఓరీస్, ఈతలియం ఫాతో ప్రొఫుగుస్ లావీనియక్వె వేనిత్ లీతొర.’ యుద్ధాన్నీ, ఒక వీరుణ్ణీ గానం చేస్తున్నాను, విధివశాన దేశం విడిచి ట్రాయ్ తీరాల నుంచి ఇటలీకి, లావీనియ తీరాలకు మొదటగా వచ్చినవాణ్ణి, అని తాత్పర్యం. మొదటి మాట ‘అర్మ’ నపుంసక బహువచనం, కర్తో కర్మో దాన్ని బట్టి తెలియదు. రెండో మాట ‘విరుం’ నిస్సందేహంగా అక్యూజటివ్, దాని చివర అతికిన ‘క్వె’ సముచ్చయం కనుక అర్మ కూడా అదే విభక్తి అయి ఉండాలి, ‘కనో’ వచ్చి దాన్ని ఖాయం చేస్తుంది. తరువాతి ‘త్రొయై’ ట్రాయ్ యొక్క కావచ్చు, ట్రాయ్‌కి కావచ్చు, ట్రాయ్‌లో కూడా కావచ్చు. రెండు మాటలు దాటి ‘అబ్ ఓరీస్’ వచ్చాకే అది ‘ట్రాయ్ తీరాల’ అని తేలుతుంది. ఈతలియం దేశం పేరు, గద్యంలో అయితే ‘ఇన్’ ఉండాలి, కవి ఊరి పేరులా ఒట్టి అక్యూజటివ్‌తో వదిలేశాడు. ‘లావీనియ’ ఒక స్త్రీ పేరేమో అనిపిస్తుండగా, క్రియ కూడా దాటాక ‘లీతొర’ వచ్చి, అది తీరాలకు విశేషణమని తెలుస్తుంది. రోమన్ శ్రోత ప్రతి రూపానికి ఉన్న రెండు మూడు అవకాశాలను చేతబట్టుకుని, వచ్చే మాట కోసం ఎదురుచూస్తూ వింటాడు. ఆ ఎదురుచూపే ఈ కవిత్వపు నడక.

హొరేస్ అనే కవి దీన్ని ఇంకా దూరం తీసుకెళ్లాడు. గులాబీల రాశి నడుమ నిన్ను కౌగిలించుకునే ఆ నాజూకు కుర్రవాడెవరని పిర్ర అనే యువతిని అడుగుతూ ‘క్విస్ ముల్తా గ్రకిలిస్ తే పుఎర్ ఇన్ రొసా’ అంటాడు. ‘తే’ అంటే నిన్ను, అది మధ్యలో ఉంది. దానికి చెరో పక్క నాజూకు అన్న ‘గ్రకిలిస్’, కుర్రవాడు అన్న ‘పుఎర్’. వాటికి బయట విస్తారమైన అన్న ‘ముల్తా’, గులాబీ అన్న ‘రొసా’. ఆమె చుట్టూ అతను, ఇద్దరి చుట్టూ గులాబీలు. విభక్తులు ఎవరు ఎవరికి చెందుతారో చెప్పే భారం మోశాయి కనుకనే కవి మాటల వరుసను బొమ్మ గీయడానికి వాడుకోగలిగాడు.

ఈ విభక్తుల భవనం కూలడానికి కారణం చాలావరకు చివరి ధ్వనుల బలహీనత. బర్బాటస్ రాతిపేటిక మీదే అతను జయించిన ఊళ్ల పేర్లు ‘తౌరాసియ, కిసౌన’ అని, అక్యూజటివ్‌కు ఉండవలసిన చివరి మకారం లేకుండా ఉన్నాయి. అంటే ఒకే రాతి మీద పంచమి నాటి దకారం ఇంకా నిలిచి ఉంది, అక్యూజటివ్ మకారం అప్పటికే సన్నగిల్లింది. శిష్టుల రాత ఆ మకారాన్ని తరువాత శతాబ్దాల పాటు కాపాడినా, సామాన్యుల నోట అది నిలవలేదు. సామ్రాజ్యపు చివరి శతాబ్దాల్లో అచ్చుల హ్రస్వదీర్ఘ భేదం కూడా పోవడంతో రొస, రొసం, రొసా మూడూ ఒకే మాటగా వినిపించాయి. అయితే ధ్వనులు పోయాయి కాబట్టే విభక్తులు పోయాయని ఒక్క మాటలో తేల్చేయడం నాకు సమ్మతం కాదు. అగస్టస్ చేర్చిన లాంటి ప్రిపోజిషన్లు అప్పటికే ఆ పని నేర్చుకుని సిద్ధంగా ఉన్నాయి కనుకనే ధ్వనులు రాలిపోయినా మాట్లాడేవారికి ఇబ్బంది కలగలేదు.

ఇటాలియన్, స్పానిష్ భాషల నామాలు ఎక్కువగా పాత అక్యూజటివ్ నుంచి వచ్చినవే. రాత్రికి ఇటాలియన్ మాట ‘నొత్తె’, అది ‘నొక్స్’ అన్న నామినేటివ్ నుంచి కాక ‘నొక్తెం’ నుంచి వచ్చింది. రుమేనియన్ మాత్రం జెనిటివ్, డేటివ్ కలిసిన రూపాన్ని ఇప్పటికీ విడిగా ఉంచుకుంది. ఫ్రెంచి సుమారు 14వ శతాబ్దం దాకా కర్తకు ఒక రూపం, తక్కిన అన్నిటికీ ఒక రూపం అని రెండు విభక్తులతో నెట్టుకొచ్చి, తరువాత చాలావరకు కర్త రూపాన్నే వదులుకుంది. మనుషులను పిలిచే మాటలు కర్తగా ఎక్కువసార్లు వస్తాయి కనుక వాటిలో కొన్ని మాత్రం తప్పించుకున్నాయి. షార్ల్, జార్జ్ అన్న ఫ్రెంచి పేర్ల చివర నేటికీ రాసే సకారం, కొడుకు అన్న అర్థం గల ‘ఫీస్’లో నేటికీ పలికే సకారం పాత లాటిన్ నామినేటివ్‌లోని ‘ఉస్’ చివరి ధ్వనే.